మా మామ ఇంట్లో ఫిలిప్పీన్స్ చదువు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. నేను చదువుకున్నది ఏడో తరగతి దాకానే కాబట్టి నా కథ నడుస్తుంది తప్ప పరిగెత్తదు. దూరంగా కూర్చుంటే సగం దారిలోనే మీకు నిద్ర ముంచుకొస్తుంది. ఇంట్లో చిక్కుళ్ళుంటే తెచ్చుకోండి, వింటూ ఈనెలు తీసుకోవచ్చు. ఆ రోజుల్లో, అంటే మూసాపేట రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే మొలుస్తున్న రోజుల్లో, చందానగర్ నుంచి మదీనాగూడ దాకా ఏ గోడ చూసినా తెల్లకోటు తొడుక్కున్న పిల్లలే నవ్వుతూ కనిపించేవాళ్ళు. టిఫిన్ బండి వెనకాల కూడా ఒక డాక్టరు బొమ్మ ఉండేది (ఆ బండి మీద దోసె తిన్నవాళ్ళకు అవసరమే అనుకోండి). వెనకటికి బిడ్డ పుడితే జాతకం రాయించేవాళ్ళు. మా వీధిలో బిడ్డ పుడితే ఏకంగా ఉద్యోగమే రాసేసేవాళ్ళు. మగపిల్లాడైతే హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు, ఆడపిల్లయితే డాక్టరు. మూడో పని ఒకటి లోకంలో ఉందని, ఆ సాఫ్ట్‌వేరుకూ ఆ డాక్టరుకూ కూడా ఒకప్పుడు ఎవరో కూర్చోబెట్టి అఆలు దిద్దించారని ఒక్కరికీ గుర్తుండేది కాదు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కడప జిల్లాలో మా ఊరి నుంచి మా మేనమామ ఇంటికి వచ్చాను. అత్తకు మోకాళ్ళు పట్టేస్తే వంటకు సాయం కావాలని మా అమ్మ పంపించింది. మా మామ ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. శంకరపల్లి వైపు ఎక్కడ నాపరాయి కనిపించినా దానికి సున్నం కొట్టి నంబరు వేసేవాడు కాబట్టి ఊళ్ళో ఆయన్ను ప్లాట్ల మామ అనేవాళ్ళు. ఆయనకు ఒక్కతే కూతురు, నాకు మరదలు. అది పుట్టిన రోజు నుంచీ మామ దాన్ని డాక్టరమ్మ అనే పిలిచేవాడు. ఆయన పిలిస్తే అత్త పిలిచింది, అత్త పిలిస్తే పాలవాడు, ఇస్త్రీవాడు, చివరికి నేనూ పిలిచాను. ఇల్లు కట్టినప్పుడు గేటు మీద పేరుపలకలో దాని పేరుకు ముందు 'డా.' అని చెక్కించి, ఆ అక్షరం మీద టేపు అంటించి పెట్టాడు. చదువయ్యాక టేపు పీకేస్తే సరిపోతుందట. ఇలాంటి ముందుచూపు ఆయన కట్టిన మురుగు కాలువల్లో ఎప్పుడూ కనిపించలేదు గానీ, కూతురి విషయంలో మాత్రం ఉండేది.

ఇక డాక్టరమ్మ సంగతి వినండి. నేను కోడిని శుభ్రం చేస్తుంటే ఆ పిల్ల రెండిళ్ళ అవతలికి పోయి దాక్కునేది. కూరగాయలు తరుగుతూ నా వేలు తెగిన రోజున కట్టు కట్టించుకోవాల్సిన నేనే దాని ముఖం మీద నీళ్ళు చల్లాల్సి వచ్చింది. అయితే ఎవరికైనా ఏదైనా చెప్పమంటే మాత్రం దాని కళ్ళు వెలిగేవి. మెట్ల కింద గోడకు నల్లరంగు పూసుకుని, వీధిలో పనివాళ్ళ పిల్లలందరినీ పోగేసి కూడికలు చెప్పేది. వాచ్‌మన్ భార్యకు సంతకం నేర్పింది. భూమి తిరుగుతుందని నాకు నమ్మకం కలిగించింది కూడా అదే, చపాతీ పిండి ముద్దతో (నమ్మాక నాకు రెండు రోజులు తల తిరిగింది, అది వేరే మాట). ఇంటరు అయ్యాక ఎంసెట్ రాసింది. ర్యాంకు వచ్చింది. ఆ అంకె చూసి మామ ఎవరిదో సెల్ నంబరనుకున్నాడు.

అప్పుడు మా ఇంట్లో అడుగుపెట్టాడు డీన్ గారు. ఏ కాలేజీకి డీనో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యం కూడా ఎవరూ చేయలేదు. మదీనాగూడలో మిఠాయి కొట్టు పైన ఆయన ఆఫీసు. పిల్లల్ని ఫిలిప్పీన్స్ దేశానికి డాక్టరు చదువుకు పంపించడం ఆయన వ్యాపారం. మే నెల ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట తేనెలో ముంచి తీసినట్టుండేది. "అబ్బే, దూరం అనుకోకండి రెడ్డి గారూ, మనీలా అంటే మన బెజవాడేనండి. మధ్యలో కాస్త సముద్రం అడ్డొచ్చిందంతే!" అన్నాడు మొదటి రోజే. మా మామకు సముద్రం సంగతి పట్టలేదు. మన రాయలసీమ తండ్రి బిడ్డను ఎక్కడికి పంపినా మొదట అడిగేది కాలేజీ గురించి కాదు కదా, సంగటి గురించి.

"సారూ, ఆడ పాములూ కప్పలూ తింటారంట గదా? మా పాప పప్పులో కరివేపాకు ఎక్కువైతేనే తినదు."

"తెలుగు మెస్ ఉందండి! గోంగూర, పెసరట్టు, ఆదివారం బిర్యానీ. అక్కడ మన పిల్లలు లావెక్కి వస్తున్నారండి, తల్లులు గుర్తుపట్టలేకపోతున్నారు!"

మామకు నమ్మకం కుదరలేదు. కాసేపు మీసం సవరించుకుని నా వైపు చూశాడు. "పాపా, నువ్వు కూడా పోమే. అది చదువుకుంటుంది, నువ్వు వండి పెట్టు." చదువుకు పిల్లను పంపుతూ వెంట వంటకు మేనకోడల్ని పంపాలనే ఆలోచన ప్రపంచంలో మా వాళ్ళకు తప్ప ఇంకెవరికైనా వస్తుందంటారా? డీన్ గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "భేషుగ్గా తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ మాట వినగానే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఊళ్ళో విమానాన్ని తలెత్తి చూసినవాళ్ళే తప్ప ఎక్కినవాళ్ళు లేరు. "సార్, విమానంలో రోలు పెట్టుకోనిస్తారా?" అని అడిగాను. "రోలేం ఖర్మమ్మా, తిరగలి కూడా తెచ్చుకో!" అన్నాడు. ఆయన జన్మలో దేనికీ కాదనలేదు, అందుకే అంత చక్కగా బతికాడు. ఇంగ్లీషు అలవాటు కావాలని ఆ వారమంతా నేను మిక్సీకి కూడా 'థ్యాంక్యూ' చెప్పాను. చందానగర్ మార్కెట్‌లో ఆకుకూరల అవ్వకు, గుడ్లవాడికి, పూలమ్మే ఆమెకు, అడగనివాళ్ళక్కూడా నేను మనీలాకు పోతున్నానని చాటి చెప్పాను.

డాక్టరమ్మ మాత్రం మెతుకు ముట్టలేదు. ఒక సాయంత్రం తండ్రి ముందు నిలబడి, "నాన్నా, నాకు డాక్టరు చదువొద్దు. డిగ్రీ చేసి, బీఈడీ చేసి టీచరైతా" అంది. మామ చేతిలోని కాఫీ గ్లాసు టీపాయి మీద పెట్టిన చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది.

"టీచరా? మే, నేను పది ఎకరాల వెంచరు వేసినోణ్ణి. నా కూతురు సుద్దముక్క పట్టుకుంటే నలుగుర్లో నేను తలకాయ యాడ పెట్టుకోవాల? ఏ పనీ చేతగానోళ్ళు చేసే పని అది!"

"నీకు లెక్కలు చెప్పినాయన కూడా చేతగానోడేనా నాన్నా?"

"ఆయన సరిగా చెప్పింటే నేను ప్లాట్లమ్ముకునే గతి పట్టేదా?"

ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "వదినా, మూడు నెలల్లో టికెట్లు తీస్తారంట. నువ్వైనా చెప్పు నాన్నకు. నేను అక్కడికి పోతే రోగుల కంటే ముందు నేనే పోతా." నేను దాని జుట్టు నిమురుతూ ఎంతో ప్రేమగా ఏమన్నానో తెలుసా? "అవన్నీ సరే గానీ, కిటికీ పక్కన ఎవరు కూర్చోవాల?" అన్నాను. నా ఇరవై ఏళ్ళ బుర్ర అంత ఎత్తులో ఎగురుతోంది అప్పుడు.

ఇంతలో మామకు ఒక విషయం తెలిసింది. మా ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న అమ్మాయిది మనీలాయే. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో, ఫోన్లలో మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు పలకడం నేర్పేది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, వీధిలో కుక్కలక్కూడా 'బాగున్నారా' అనేది (ఆమెకు వచ్చిన తెలుగు అంతే, అయినా మా వీధిలో చాలామంది కంటే మర్యాదగా వాడేది). ఏడాదిగా పైనే ఉంటున్నా మామ ఆమెను నాగాలాండ్ అమ్మాయి అనుకుంటూ వచ్చాడు. "మే, ఆ దేశం పిల్లే మన నెత్తిమీదుంటే నేను ఎవరినో అడుగుతాండానే! ఆదివారం అన్నానికి పిలుద్దాం, అన్నీ విచారిద్దాం" అన్నాడు.

ఆదివారం ఆమె ఒక అరటిపళ్ళ అత్తం పట్టుకుని కిందికి వచ్చింది. మామ దొరలా చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి ఊపలేదు. రెండు చేతులతో అందుకుని, తల వంచి, తన నుదుటికి ఆనించుకుంది. మామ బిక్కచచ్చిపోయాడు. చెయ్యి వెనక్కి లాక్కోలేక, ఉంచలేక, నా వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఏమే, ఈయమ్మకు జొరమంట! చూడమని నా చెయ్యి పెట్టుకుంటాంది. బిరీన మిరియాల కషాయం పెట్టు!"

నేను పరుగున పోయి మిరియాలు, ధనియాలు, శొంఠి దంచి, గ్లాసు నిండా పొగలు కక్కే కషాయం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పాపం ఆమె అది మా ఇంటి ఆతిథ్యమనుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఒక్క చుక్క వదలకుండా తాగింది. అప్పుడు డాక్టరమ్మ నవ్వాపుకోలేక ఇంగ్లీషులో ఏదో అడిగి మాకు చెప్పింది. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళు కనిపిస్తే చేయి నుదుటికి ఆనించుకుని దీవెన అడుగుతారట. మామ గంభీరంగా, "అది నాకు తెలుసులే. పొద్దున్నుంచి ముఖం పీక్కుపోయి ఉంటే ముందుజాగ్రత్తకు ఇప్పించినా" అన్నాడు. పిల్లను డాక్టరును చేయాలని తపించే మనిషికి లోకమంతా జ్వరంగానే కనిపిస్తుంది.

అన్నం దగ్గర మామ విచారణ మొదలుపెట్టాడు. మరదలు నడుమ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది. మీ ఇంట్లో డాక్టర్లెంతమంది? ఒక్కరూ లేరట. వాళ్ళమ్మ టీచరు, అమ్మమ్మ టీచరు, అమ్మమ్మకు అమ్మ అయితే ఓడలో వచ్చిన విదేశీ టీచరు దగ్గర చదువుకుని తమ ఊళ్ళో పిల్లలకు మొదటి పాఠం చెప్పిందట. తనూ టీచరు చదువే చదివింది. అక్కడ జీతాలు చాలక ఇక్కడ ఫోన్లవాళ్ళకు పాఠాలు చెబుతోంది. మామ నా వైపు వంగి గుసగుసగా, "పాపం, నాలుగు తరాల్లో ఒక్కరూ బాగుపడలా" అన్నాడు. ఆ పక్కన మరదలి కళ్ళు చూడాలి! నాలుగు తరాల టీచర్లు అన్న మాట విని, ఎవరో నగల పెట్టె తెరిచి చూపించినట్టు చూస్తోంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు మేడమీదే ఉండేది.

మా మేడమీద మనీలా అమ్మాయి ఉందన్న సంగతి డీన్ గారి చెవిన పడింది. ఆయన ఊరుకుంటాడా? మదీనాగూడలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి తల్లిదండ్రులందరినీ పిలిచి, తమ దేశం చదువు గురించి మాట్లాడమని ఆమెను ఒప్పించాడు. ఆ రోజే మామ కూతురి పేరు ఖాయం చేసి అందరి ముందూ సంతకం పెట్టాలని కూడా అనుకున్నారు. హాలు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. 'మనీలా నుంచి ప్రత్యేకంగా విచ్చేసిన ప్రఖ్యాత డాక్టరు గారు' అని రాసి, కింద మన మనీలా మేడం బొమ్మ వేసి, ఆమె మెడలో స్టెతస్కోపు కూడా అతికించారు. ప్రత్యేకంగా విచ్చేసిన డాక్టరు గారు చందానగర్ నుంచి నాతో, మరదలితో షేర్ ఆటోలో, నా ఒళ్ళో బ్యాగు పెట్టి విచ్చేసింది (మామా అత్తా ముందే కారులో వెళ్ళిపోయారు). తెలుగు చదవడం రాదు కాబట్టి, తన బొమ్మ పైన ఏం రాశారని, మెడలో అదెందుకని మరదల్ని అడిగింది. మరదలు చెప్పింది. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకుండా ఉండగా నేను చూసింది అదొక్కసారే.

వేదిక మీద ముందు శాలువా. మనవాళ్ళకు శాలువా కప్పకుండా మనిషి నోటి నుంచి మాట రాదు కదా, ఉక్కపోతలో ఉన్ని శాలువా కప్పారు. "మేడం గారు తమ దేశం చదువు గొప్పతనం గురించి రెండు ముక్కలు చెబుతారండి, నేను తెలుగులో చెబుతాను" అన్నాడు డీన్ గారు. ఆయన ఉద్దేశం నిజంగా రెండు ముక్కలే. కానీ టీచరుకు మైకిచ్చి మీ దేశం చదువు గురించి చెప్పమంటే ఏమవుతుందో ఆయనకు తెలియదు. ఆమె వెనకటి రోజుల నుంచి మొదలుపెట్టింది. ఆమె నాలుగు నిమిషాలు మాట్లాడితే డీన్ గారు ఒక్క ముక్క చెప్పేవాడు. "స్పెయిన్ వాళ్ళు వందల ఏళ్ళు ఉన్నారటండి, అంటే అప్పట్నుంచీ యూరప్ ప్రమాణాలేనండి!" ఆమె ఇంకా చెప్పింది. "అమెరికా వాళ్ళు ఓడలేసుకుని మరీ వచ్చారటండి, మనం విమానంలో వెళ్ళడానికి ఆలోచిస్తున్నామండి!" ఆమె గొంతు తగ్గించి బాధగా ఏదో చెప్పింది. "సీట్లు తక్కువున్నాయని బాధపడుతున్నారండి!"

నా పక్కన మరదలు కుర్చీలో నిలవలేకపోతోంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది. "ఆమె అట్లా చెప్పలేదు!"

హాలంతా వెనక్కి తిరిగింది. మామ ముందు వరుస నుంచి పళ్ళు బిగించి, "కూర్చోమే, మానం పోతాంది!" అన్నాడు. డీన్ గారు, "పాప ఉత్సాహపడుతోందండి, డాక్టరు కాబోతోంది కదండీ" అని నవ్వాడు. కానీ వేదిక మీది నుంచి మేడం రమ్మని చెయ్యి ఊపి, మైకు తీసి మరదలి చేతికిచ్చింది.

మొదటి రెండు మాటలు నేల చూస్తూ చెప్పింది. ఆ తర్వాత బోర్డు కనిపించింది దానికి. అంతే. బోర్డు మీద 'నేడే చేరండి' అని డీన్ గారు రాయించిన అక్షరాల్ని చున్నీతో తుడిచేసి సముద్రం గీసింది, సముద్రంలో చుక్కలు చుక్కలుగా దీవులు పెట్టింది. ఇదీ ఆమె దేశం అంది. వెనకటికి వీళ్ళు వెదురు మీద తమ లిపిలో రాసుకునేవాళ్ళట. స్పెయిన్ వాళ్ళు వచ్చి ప్రార్థనలు నేర్పారు, అంతకు మించి తెలిస్తే జనం ప్రశ్నలేస్తారని చాలాకాలం ఆ గడప దాటనివ్వలేదు. తర్వాత అమెరికా వాళ్ళు ముందు తుపాకులతో దిగి, వెనకాలే ఓడ నిండా టీచర్లను దించారు. ఊరూరా బడి పెట్టారు, నిజమే. కానీ చదువంతా ఇంగ్లీషే. మంచు పడని దేశంలో పిల్లలు మంచు గురించి వల్లెవేశారు. మరదలు ఆగి హాలు వైపు చూసింది. "మీలో ఎంతమంది ఆపిల్ పండు చూడకముందే ఏ ఫర్ ఆపిల్ చదివినారు? చేతులెత్తండి."

ఒక తెల్ల ధోవతి పెద్దాయన లేచాడు. "మాది సీతాఫలాల ఊరు బిడ్డా. ఆపిల్ మొట్టమొదలు నేను దవాఖానలనే చూసిన, మంచం పక్కన. గప్పటికే ఏబియ్యేండ్లొచ్చినయ్!"

హాలు గొల్లుమంది. ఒక్కొక్కటే చేతులు లేచాయి, నాది కూడా. "ఆమె ముత్తవ్వ కూడా అంతే తాతా. చూడని పండు పేరు నేర్చుకుంది. తర్వాత తను టీచరయ్యాక తమ ఊరి పండ్ల పేర్లు పిల్లలతో రాయించింది" అంది మరదలు. తమ భాషకు బడిలో చోటు దొరకడానికి ఎంత పోట్లాట జరిగిందో, ఈమధ్యనే అక్కడ బడి చదువుకు ఇంకో రెండేళ్ళు కలిపితే తల్లిదండ్రులు ఎట్లా గొణుక్కుంటున్నారో చెప్పింది. సమోసాల కోసం వచ్చిన జనం సమోసా చల్లారిపోతున్నా నమలడం మరిచిపోయారు.

పెద్దాయన మళ్ళీ లేచాడు. "గది సరే బిడ్డా, జర డాక్టర్ సదువు ముచ్చట చెప్పుమను. ఎన్నేండ్లు?"

డీన్ గారు మైకు కోసం చెయ్యి చాపాడు. మేడం అప్పటికే మాట్లాడుతోంది. మరదలు ఉన్నదున్నట్టు చెప్పింది. "ముందు ఒక డిగ్రీ చదవాలంట. ఆ తర్వాతే డాక్టరు చదువు. తిరిగొచ్చినాక మన దేశంలో మళ్ళీ పరీక్ష రాయాల, అది పాసైతేనే వైద్యం. ఇష్టంతో వచ్చినోళ్ళు మంచి డాక్టర్లయినారు, ఆమెకు తెలుసు. ఇష్టం లేకుండా వచ్చినోళ్ళు హాస్టలు గదిలో తలుపేసుకుని కూర్చోవడం కూడా ఆమెకు తెలుసు." అక్కడ మైకు రెండు చేతులతో పట్టుకుని తండ్రి వైపు తిరిగింది. "చివరి మాట ఆమెది కాదు, నాది. నాకు ఇష్టం లేదు నాన్నా."

డీన్ గారు "సమయాభావం వల్ల..." అని ఏదో మొదలుపెట్టేలోపు వెనకాల నుంచి ఎవరో, "మాకు డిగ్రీ సంగతి ఎందుకు చెప్పలేదండి?" అని అరిచారు. ఆయన మొదటిసారి కోటు గుండీ విప్పాడు. నేను మామ ముఖం చూశాను. చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఈ పిల్ల పని అయిపోయింది, నా విమానం సంగతి దేవుడెరుగు, ఇంటికెళ్ళాక కంచాలు ఎగురుతాయనుకున్నాను.

అప్పుడు ఆ సీతాఫలాల పెద్దాయన కర్ర ఊతంగా మామ దగ్గరికి నడిచొచ్చాడు. "ఏం సార్, ఈ బిడ్డ మీ బిడ్డనా? ఏ బడిల చెప్తది? మా మనుమన్ని గాడనే ఏస్త. నా జిందగీల సముద్రం గింత మంచిగ సమజైంది లేదు." ఆయన వెనకాల ఒక తల్లి. "మా బాబుకి ట్యూషన్ చెబుతుందాండి?" ఆమె వెనకాల ఇంకొకరు. మామ చుట్టూ జనం. మా మామకు జీవితంలో వచ్చిన శాస్త్రం ఒక్కటే: జనం ఎక్కడ గుమిగూడితే అక్కడ ధర పెరుగుతుంది. ఎర్రబడ్డ చెవులు మెల్లగా మామూలు రంగుకు వచ్చాయి. మీసం మీదికి చెయ్యి పోయింది. "మా పాపే. చిన్నప్పట్నుంచి నేనే ప్రోత్సహించినా" అన్నాడు. ఆ మాట అంటూ ఒక్కసారైనా తడబడి ఉంటే నాకు మనిషి మీద గౌరవం మిగిలేది. తడబడలేదు.

ఇంటికి కారులో వస్తూ (మేడం అటునుంచి అటే ఆఫీసుకు పోయింది), "శంకరపల్లి దారిలో మనదొక బిట్టుండాది. అక్కడ స్కూలు కట్టేద్దాం. నువ్వే ప్రిన్సిపాలు. ఇంటర్నేషనల్ అని పెడదాం" అని పథకం వేశాడు. "వద్దు నాన్నా. ముందు నన్ను చదువుకోనీ. ఎవరి బళ్ళోనైనా పని నేర్చుకోనీ" అంది మరదలు. మామ హారన్ కొట్టుకుంటూ పోయాడు. చందానగర్ మలుపు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నెత్తురు చూస్తే నీకు నిజంగానే కళ్ళు తిరుగుతాయా?"

"నిజంగానే నాన్నా."

"నాకూ అంతేమే." ఆయన గొంతు అలా మెత్తబడగా నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వు పుట్టిన రోజు ఆసుపత్రిలో మీయమ్మ కంటే ముందు నన్నే మంచమెక్కించినారు. ఎవరికీ చెప్పబాకు." పక్క సీట్లో మా అత్త కిటికీ వైపు తిరిగి, "ఊరందరికీ తెలుసులే" అంది. ముగ్గురూ పడి పడి నవ్వారు. ఆ నవ్వుల్లో ఎవరికీ నేను గుర్తులేను. కాసేపు చూసి నేనే అడిగాను: "మామా, మరి నా విమానం?" ముగ్గురూ నా వైపు తిరిగి చూసి, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నెల రోజులు నేను కరివేపాకుకు కూడా మియాపూర్ దాకా నడిచాను, ఆకుకూరల అవ్వ 'ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా' అని అడుగుతుందని.

డీన్ గారు ఇప్పుడు ఇంకో దేశం పేరు రాసుకున్నాడు, కోటు మాత్రం అదే. గోడల మీద తెల్లకోటు పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళలో ఎవరికి ఇష్టమో ఎవరికి కాదో అడిగే దిక్కు ఇప్పటికీ లేదు. మేడం తమ దేశానికి తిరిగిపోయి, రేకుల కప్పు కింద పిల్లలకు పాఠాలు చెబుతోందట. పండగలకు మరదలికి ఫోటోలు పంపిస్తుంది. నా పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, మదీనాగూడలోనే కాపురం. మరదలు మూసాపేట దగ్గర ఒక బళ్ళో టీచరు.

మొన్న దానికి అన్నం డబ్బా ఇవ్వడానికి ఆ బడికి పోయాను. పాఠం నడుస్తోంది. నన్ను చూసి ఆపకుండానే, కళ్ళతోనే వెనక బెంచీ చూపించి కూర్చోమంది. మూడో తరగతి పిల్లల బెంచీ, నా మోకాళ్ళు ఎటూ పట్టలేదు. బోర్డు మీద నదులు పారుతున్నాయి. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని వింటూ వింటూ, అందరితోపాటు నోరు తెరిచి నదుల పేర్లు గట్టిగా చెప్పేశాను. పక్కన రెండు జడల పిల్ల నా వైపు వింతగా చూసి, తన రబ్బరు నా ముందుకు జరిపి, "కొత్తగా చేరినవా ఆంటీ?" అని అడిగింది. విమానంలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని అడిగిన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, ఎందుకో కళ్ళు కూడా తడిశాయి. "అవునమ్మా," అన్నాను, "కొంచెం ఆలస్యమైంది."

ఇంతసేపూ కూర్చుని విన్న తల్లులారా, తండ్రులారా, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం మాడకూడదు, మీ అరుగు మీద చుట్టం నిలబడిపోకూడదు, మీ పిల్లలు తమ మనసుకు నచ్చిన దాన్ని మీ ముఖం చూస్తూ భయం లేకుండా చెప్పగలగాలి. వాళ్ళు చెప్పినప్పుడు వినే ఓపిక ఆ భగవంతుడు మీకివ్వాలి.